వేడినీళ్ళ ఊళ్ళో మూడు ప్రదక్షిణలు

జపాన్ పోయొచ్చానని తెలిసినప్పటి నుంచి మా మాదాపూర్ సందులో అందరూ ముందు అడిగేది బుల్లెట్ రైలు గురించే. ఎక్కాను, బాగానే పోయింది, నేను నిద్రపోయాను. తర్వాత టోక్యో ఎట్లా ఉందని అడుగుతారు. రైలు కిటికీలోంచి చూసిన మేరకు మన రాయదుర్గం లాగే ఉంది, కాకపోతే ఎవడూ హారన్ కొట్టడం లేదు. నేను పోయింది ఆ రెండింటి కోసమూ కాదు. కొండల మధ్య భూమిలోంచి వేడినీళ్ళు ఉబికివచ్చే ఒక చిన్న ఊరికి పోయాను. దాని పేరు చెప్పబోతే ఇప్పటికీ నాకు నాలుక మడత పడుతుంది, అందుకని వేడినీళ్ళ ఊరు అనే రాస్తాను.

నేను మెట్రో స్టేషన్ వెనక సందులో ఆడపిల్లల హాస్టల్ నడుపుతాను. మాది కడప జిల్లా. పెళ్ళయిన కొత్తలో మా ఆయనా నేనూ ఇక్కడికి వచ్చాం. పిల్లలు కలగలేదు, హాస్టల్ పెట్టుకున్నాం. ఎంతమంది ఆడపిల్లలు వచ్చిపోయారో లెక్క లేదు. ఒక సూట్‌కేసు, ఒక బకెట్టుతో వస్తారు, శుభలేఖతోనో కొత్త ఉద్యోగంతోనో పోతారు. మొదట్లో ఒకరిద్దరు నన్ను 'అమ్మా' అనేవాళ్ళు. వాళ్ళు ఖాళీ చేసిన రోజు నాకు అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఎవరొచ్చినా గడపలోనే చెప్పేదాన్ని, అమ్మా గిమ్మా అనొద్దు, ఆంటీ అంటే చాలని.

మౌనిక కూడా ఆంటీ అనే అనేది. సిద్దిపేట వైపు పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని బోరబండలో కాపురం పెట్టాడు, ఆ ఇంట్లో దీనికి చోటు లేదు. ఇక్కడొక హోటల్లో రిసెప్షన్‌లో పనిచేసేది. మా హాస్టల్లో అన్నేళ్ళు ఉన్న పిల్ల ఇంకొకతె లేదు. కూరలో ఉప్పు తగ్గితే వంటామెకు చెప్పేది అదే, మా ఆయనకు బీపీ మాత్ర గుర్తుచేసేది అదే. సాయంత్రాలు క్లాసులకు పోయి జపాన్ భాష నేర్చుకుని, ఆ వేడినీళ్ళ ఊళ్ళో ఒక సత్రంలో ఉద్యోగం తెచ్చుకుంది. "రెండేండ్లే ఆంటీ, గిట్ల పోయి గట్ల వచ్చేస్త" అని పోయింది.

రెండేళ్ళూ గడిచాయి. ఇంకా ఉండమంటున్నారని ఫోన్లో చెప్పింది. కిటికీ పక్కన దాని మంచం నేను ఎవరికీ ఇవ్వలేదు. మాదాపూర్‌లో మంచం ఖాళీగా పెట్టుకున్నదాన్ని చూసి తోటి హాస్టళ్ళవాళ్ళు నవ్వారు, మా ఆయన తిట్టాడు. ఆ పిల్ల లేకపోతే నాకు తోచడం లేదు, అంతే. పోయి దాన్ని వెనక్కి తీసుకొస్తానని మా ఆయనకు చెప్పి, హాస్టల్ తాళాలు ఆయన చేతిలో పెట్టి బయల్దేరాను.

మోరీల్లోంచి ఆవిరి

చిన్న రైలు దిగేసరికి మౌనిక ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. నీలం రంగు కోటు వేసుకుని, జుట్టు కొప్పు పెట్టుకుని, నేను గుర్తుపట్టేలోపల వచ్చి కరుచుకుంది.

"చిక్కిపోయినావు కదే" అన్నాను.

"ఏంది ఆంటీ, నాలుగు కిలోలు పెరిగిన."

"యాడ పెరిగినావో నాకైతే కనపడలేదు. పా."

సత్రం వ్యాను నడిపే పెద్దాయన నా సూట్‌కేసు అందుకుని నడుం దాకా వంగాడు. మౌనిక నన్ను చూపించి ఆయనకు ఏదో చెప్పింది. ఆ మాటల మధ్యలో 'హహ' అని వినపడింది. చాలా రోజుల తర్వాత చూసిన సంతోషంలో నవ్వుతుందిలే అనుకున్నాను.

ఆ ఊళ్ళో మోరీల మూతల సందుల్లోంచి పొగలాగా ఆవిరి లేస్తూ ఉంటుంది. మన దగ్గర అట్లా లేస్తే అగ్గి అంటుకుందని జనం పోగవుతారు. అక్కడ దాని పక్కనే పిల్లులు వెచ్చగా పడుకుని ఉంటాయి. ఊరంతా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఇదేం వాసనే అంటే గంధకం నీళ్ళ వాసన అట, రెండు రోజులుంటే తెలియదట. నిజంగానే రెండో రోజుకు నా ముక్కు దానికి అలవాటు పడిపోయింది.

వీధి చివర ఒకామె వెదురుబుట్టలో గుడ్లు పెట్టి, ఉబికే నీళ్ళలోకి దించి ఉడికించి అమ్ముతోంది. ఒక గుడ్డు ధరకు మన దగ్గర అర డజను వస్తాయి. సొన జారుడుగా ఉంటుంది, తెల్లది పెరుగులాగా ఉంటుంది. నా సంచిలోంచి చెనక్కాయల పొడి తీసి దాని మీద చల్లాను. మౌనిక ఆ పొడి వాసన చూసి కళ్ళు మూసుకుని తింది. తిన్నాక వేలికి అంటిన పొడి కూడా నాకేసింది. గుడ్లామె అడిగిన దేనికో జవాబు చెబుతూ మళ్ళీ నన్ను చూపించి 'హహ' అంది. ఆమె నాకు రెండు సార్లు దండం పెట్టింది. ఇందులో నవ్వాల్సిందేముందో నాకు అర్థం కాలేదు.

అక్కడి ఓనరమ్మ

సత్రం చెక్కతో కట్టిన పాత ఇల్లు. చెప్పులు బయటే విడవాలి, అది మనకు కొత్త కాదు. లోపల వేరే చెప్పులు ఇస్తారు, మరుగుదొడ్డికి ఇంకో జత. నేను ఆ మరుగుదొడ్డి చెప్పులతోనే భోజనాల గదిలోకి వచ్చేశాను. మౌనిక పరుగెత్తుకొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని మార్చింది. చూసినవాళ్ళెవరూ నవ్వలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది.

గదిలో నూలు అంగీ ఒకటి పెట్టారు, ఒంటికి చుట్టుకుని నడికట్టు కట్టుకోవాలి. నాకు వీలైనట్టు కుడి అంచు పైకి వేసుకుని బయటికి వచ్చాను. ఎదురైన సత్రం యజమానురాలు అయ్యయ్యో అన్నట్టు ముఖం పెట్టి, నన్ను పక్కకు తీసుకుపోయి విప్పి, ఎడమ అంచు పైకి వచ్చేట్టు మళ్ళీ చుట్టింది. తర్వాత మౌనిక చెప్పింది, కుడి అంచు పైకి చనిపోయినవాళ్ళకు చుడతారట.

"నీ కోసం ఇంతదూరం వచ్చి శవం మాదిరి తిరిగినా" అన్నాను. మౌనిక కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు 'హహ' లాగా లేదు. అది మా హాస్టల్ మేడ మీద వినపడే పాత నవ్వే.

ఆ యజమానురాలికి నా వయసే ఉంటుంది. నడుస్తూ నడుస్తూ గోడ మీద దుమ్ము వేలితో చూసుకుంటుంది. వంటగది తలుపు దగ్గర ఒక క్షణం ఆగి వాసన పీలుస్తుంది. ఇవన్నీ నేనూ చేసే పనులే కాబట్టి ఆవిడ ఎట్లాంటి మనిషో నాకు వెంటనే తెలిసిపోయింది. రాత్రి భోజనంలో చిన్న చిన్న గిన్నెలు బోలెడన్ని పెట్టారు, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క ముద్ద. కారం అనే మాటే లేదు. వడ్డిస్తున్న మౌనికను ఆవిడ కంటిచూపుతోనే నడిపిస్తోంది, ఇది కూడా ఆవిడ చూపు కోసం చూస్తోంది.

నన్ను గుచ్చింది మాత్రం పిలుపు. మౌనిక ఆవిడను 'ఒకామి సాన్, ఒకామి సాన్' అంటోంది. ఆ పిలిచే తీరు నా చెవికి 'అమ్మ' లాగే వినపడింది. ఇన్నేళ్ళు నా చేతి అన్నం తిన్న పిల్ల, నన్ను ఆంటీ అంటుంది, నలుగురికీ నన్ను చూపించి హహ అంటుంది. రెండేళ్ళ నాడు దొరికినావిడను మాత్రం అమ్మ అంటోంది. అమ్మా అనొద్దని చెప్పింది నేనేనని తెలుసు. అయినా కడుపు మండింది. ఆ రాత్రి చాప మీది పరుపులో పడుకుని, రేపు అడిగేయాలి, ఇక ఆగకూడదు అనుకున్నాను.

నీళ్ళలో ఇద్దరం

అక్కడ స్నానమంటే ఆడవాళ్ళంతా ఒకే తొట్టిలో, ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి. నేను చచ్చినా దిగనన్నాను. "పొద్దున్నే ఎవ్వరుండరు ఆంటీ, జర ధైర్యం చెయ్యి" అని మౌనిక పంపించింది. పక్కన కూర్చుని ఒళ్ళు రుద్దుకుని కడుక్కున్నాకే నీళ్ళలోకి దిగాలి. దిగాను. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయో లేవో తెలియలేదు. తొట్టి పైన కప్పు లేదు, ఎదురుగా కొండ, చెట్ల మీద మంచు కరుగుతూ ఉంది.

కళ్ళు తెరిచేసరికి ఆ యజమానురాలు ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరం ఓనరమ్మలం, గొంతు దాకా నీళ్ళలో, మాట్లాడుకోవడానికి ఒక్క మాట లేకుండా. ఆవిడే మొదలుపెట్టింది. 'మోనికా సాన్' అంది. రెండు వేళ్ళతో తన కళ్ళ కిందనుంచి చెంపల మీదికి గీతలు గీసింది, 'హైదరాబాద్' అంది. మళ్ళీ గీతలు గీసింది. ఆ పిల్ల వచ్చిన కొత్తలో హైదరాబాద్ తలుచుకుని ఏడ్చేదని చెబుతోంది. తర్వాత తన భుజం మీద తట్టి చూపించింది, అంటే తట్టి నిద్రపుచ్చేదాన్ని అని.

నాతో ఫోన్లో ఒక్క రోజు కూడా ఏడవలేదు అది. మంచిగున్న ఆంటీ, మంచిగున్న, ఎప్పుడు చేసినా ఇదే పాట. నేను ఆవిడకు దండం పెట్టాను. మనసులో మాత్రం, ఆ భుజం తట్టాల్సింది నేను కదా అనిపించి, ముఖం మీద వేడినీళ్ళు చల్లుకున్నాను.

మెట్ల మీద

ఆ రోజు మౌనికకు సెలవు. ఊరి వెనక కొండ మీద ఒక చిన్న గుడి ఉందని, ఖాళీ దొరికినప్పుడల్లా పోయి కూర్చుంటానని తీసుకెళ్ళింది. ఊళ్ళోవాళ్ళ గుడి, యాత్రికులెవరూ రారు. రెండు నిలువు స్తంభాల మీద రెండు అడ్డ దూలాలు పెట్టిన ద్వారం, దానికి ఎర్రరంగు కొంత రాలిపోయి ఉంది. అక్కడి నుంచి నాచు పట్టిన రాతిమెట్లు. నా మోకాళ్ళకు సగం దూరంలోనే ఆయాసం వచ్చింది, కూర్చున్నాను. మౌనిక ఒక మెట్టు కింద కూర్చుంది, హాస్టల్ మెట్ల మీద కూర్చున్నట్టే, నా మోకాలికి వీపు ఆనించి.

అక్కడే అడిగేశాను.

"మౌనీ, వచ్చేయ్ నాతో. హాస్టల్ నువ్వే చూసుకుందువు. నాకూ మీ అంకుల్‌కూ ఇంక ఓపిక లేదు. మీదట అది నీకే."

మౌనిక మెట్టు మీది నాచును గోటితో గీకింది.

"ఆంటీ, నాకు ఇక్కడ పని మంచిగ వచ్చింది. మందిని చూసుకునుడు, రూములు సదురుడు, అన్నీ నీ దగ్గర చూసినయే. గవ్వే చేస్తున్న. కానీ ఇక్కడ చేస్తుంటే నేనే చేస్తున్న అనిపిస్తది. ఇప్పుడే రాలేను."

"ఎప్పుడు వస్తావు మరి?"

"ఎరుక లేదు ఆంటీ. అబద్ధం చెప్పను." మెల్లగా అంది, "నా మంచం ఎవరికన్న ఇచ్చెయ్యి. ఖాళీగ పెట్టినవని అంకుల్ చెప్పిండు."

రానన్నందుకు అంత బాధ కలగలేదు. ఆ మంచం ఇచ్చేయమన్న మాటే తట్టుకోలేకపోయాను. "సరే, పా, దేవుణ్ణి చూద్దాం" అని లేచాను.

విగ్రహం లేని గుడి

పైన ఒక రాతితొట్టిలోకి వెదురుగొట్టంలోంచి సన్నగా నీళ్ళు పడుతున్నాయి, పక్కన చెక్క గరిటెలు. మౌనిక గరిటెతో నీళ్ళు నా చేతిలో పోసింది. నేను ఎప్పటిలాగే తీర్థం పుచ్చుకున్నట్టు తాగేసి, తడిచేయి తలకు రాసుకున్నాను. నిజానికి ఆ నీళ్ళతో చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి పక్కన ఉమ్మేయాలట. మౌనిక నన్ను చూసి ఏమీ అనలేదు. తనూ తాగేసి తలకు రాసుకుంది.

గుడి చిన్న చెక్క ఇల్లు, మన పోలేరమ్మ గుడంత ఉంటుంది. రెండు పక్కలా రాతి సింహాలు, ఒకటి నోరు తెరిచి, ఇంకొకటి మూసుకుని. లోపల విగ్రహం లేదు. హారతి లేదు, కుంకుమ లేదు, గోవిందా అని ఒక్క కేక లేదు. ఎవరిని చూడాలే అంటే, "కనవడడు ఆంటీ, ఉంటడు" అంది. చిల్లు ఉన్న నాణెం ఒకటి నా చేతిలో పెట్టి, హుండీ లాంటి పెట్టెలో వేయమంది. మన దగ్గర చిల్లిగవ్వకు విలువ లేదంటాం, అక్కడ దేవుడే తీసుకుంటాడు. మోకు పట్టుకుని ఊపితే గంట మోగింది. రెండు సార్లు వంగాలి, రెండు సార్లు చప్పట్లు కొట్టాలి, మళ్ళీ వంగాలి.

ఆ చప్పట్ల దగ్గర నా చేతులు ఆగిపోయాయి. మా వైపు శివాలయంలో చండీశ్వరుడి ముందు చప్పట్లు కొడతాం. స్వామీ, నా చేతుల్లో ఏమీ లేదు, నీ గుళ్ళోది ఏదీ తీసుకుపోవడం లేదు అని చెప్పుకోవడం అది. నేనేమో ఒక పిల్లను తీసుకుపోదామని ఇంతదూరం వచ్చినదాన్ని. కొట్టక తప్పుతుందా, కొట్టాను. చూసుకో స్వామీ, ఏమీ తీసుకుపోవడం లేదు.

చేసేదేమీ లేక ప్రదక్షిణ మొదలుపెట్టాను. గుడి చుట్టూ నాచు, రాలిన ఆకులు. జారిపడతానని తల వంచుకుని, ఒక్కొక్క అడుగే చూసి వేస్తూ తిరిగాను. కళ్ళు తుడుచుకుంటూ మూడో చుట్టులో ఉండగా చీపురు పట్టుకున్న ముసలాయన ఒకడు ఎదురొచ్చాడు. గుడి ఊడ్చే మనిషి. నన్ను ఏదో అడిగాడు, నేను పలకకపోయేసరికి తనే వంగి చీపురుతో ఆకులు పక్కకు తీస్తూ నాచు మీద వెతకడం మొదలుపెట్టాడు.

"ఏమన్న పోగొట్టుకున్నరా అని అడుగుతుండు ఆంటీ. ఎతికి పెడతడంట" అంది మౌనిక.

మన ప్రదక్షిణ వాళ్ళకు వెతుకులాట లాగా కనపడింది. అబద్ధం కూడా కాదేమో.

"ఏం లేదని చెప్పు" అన్నాను.

దాని జవాబు నా జవాబుకంటే చాలా పొడుగ్గా ఉంది. మధ్యలో మళ్ళీ 'హహ'. ముసలాయన చీపురు నిలబెట్టి, నా వైపు తిరిగి, నిండుగా నవ్వి వంగాడు. అంతసేపు బిగబట్టుకున్న నాకు కోపం పొంగింది.

"ఏమే, నా ముందరే నన్ను చూసి నవ్వుతాండావా? వచ్చినప్పటి నుంచి చూస్తాండా, కనపడినోళ్ళందరికీ నన్ను చూపించేది, హహ అనేది. అంత వింత మనిషినా నేను?"

దాని ముఖం ఎర్రబడింది. "నవ్వలే ఆంటీ. ఇక్కడ... గట్లనే అంటరు" అని, నా సంచి అందుకుని ముందు దిగింది. మరునాడు రైలు దగ్గర నా సంచిలో ఉడికిన గుడ్లు పెట్టింది, నేను దాని సంచిలో చెనక్కాయల పొడి డబ్బా పెట్టాను. రైలు కదిలాక చెయ్యి ఊపుతూ అది పరుగెత్తింది, అది కనపడినంతసేపూ నేను చూశాను.

మళ్ళీ మాదాపూర్

వచ్చి నెల దాటింది. కిటికీ పక్క మంచం మీద దుప్పటి మాత్రం మార్చాను, మంచం ఎవరికీ ఇవ్వలేదు. కాకినాడ నుంచి కొత్తగా ఒక పిల్ల దిగింది. మంచం దొరక్క హాల్లో పరుపు వేసుకుంటోంది. అది కూడా సాయంత్రాలు జపాన్ భాష క్లాసుకు పోతుంది. మొన్న భోజనాల బల్ల దగ్గర చపాతీ చుట్టుకుంటూ తనలో తను వల్లె వేసుకుంటోంది. ఛిఛి, హహ. ఛిఛి, హహ.

"అన్నం దగ్గర ఛీఛీ ఏంది, ఆ నవ్వు ఏంది?" అన్నాను.

"నవ్వట్లేదండి ఆంటీ. చిచి అంటే మా నాన్నగారండి. హహ అంటే మా అమ్మండి. మనవాళ్ళని బయటివాళ్ళకి చూపించి చెప్పేటప్పుడు అలా అంటారంట."

నేను పట్టుకున్న కూర గిన్నె బల్ల మీద పెట్టేశాను.

"మరి ఒకామి అంటే?"

అది ఫోన్లో చూసి చెప్పింది. "లాడ్జి ఓనరమ్మండి ఆంటీ. మీలాగన్నమాట."

నేను మేడ మీదికి పోయాను. వ్యాను పెద్దాయన, గుడ్లామె, ముసలాయన, ఒక్కొక్కరూ నాకెందుకు అట్లా వంగి దండం పెట్టారో అప్పుడు తెలిసింది. గడపలో నేను వద్దన్న మాటను నాకు తెలియని భాషలో ఊరంతా చెప్పుకుంది ఆ పిల్ల. నేను దాన్ని తిట్టి వచ్చాను. ఫోన్ చేశాను.

"ఆంటీ, తిన్నవా?" అంది ఎప్పటిలాగే.

"తింటాలే గానీ, ఆ రోజు గుళ్ళో ముసలాయనకు ఏం చెప్పినావే?"

"ఇప్పుడెందుకు ఆంటీ అది?"

"చెప్పు."

మెల్లగా అంది. "మా అమ్మ ఏం పోగొట్టుకోలే, దేవుని సుట్టు తిరుగుతున్నది, మా దిక్కు గట్లనే మొక్కుతరు అని చెప్పిన." ఇంకొంచెం మెల్లగా, "నీకు కోపమొస్తదని చెప్పలే" అంది.

నా నోటికి వచ్చింది మంచం సంగతే.

"నీ మంచం ఇచ్చేస్తాండా, కాకినాడ పిల్లకు."

"ఇయ్యి ఆంటీ, మంచిదే." మళ్ళీ తనే అడిగింది. "మరి నేనొస్తే యాడ పండుకోవాలె?"

"నా గదిలో, నా పక్కన" అన్నాను. "మీ అంకుల్‌ను హాల్లో పడేస్తాలే."